టేకు కత్తికి దొరకని గింకో

నర్సరీ పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడైనా కలిస్తే నన్ను ఒకటే అడుగుతారు, "అమ్మా, గిన్నేండ్లల్ల ఎన్ని చెట్లు పెట్టినవ్?" అని. ఆ లెక్క నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. సంచుల్లో మట్టి నింపే చేతులకు లెక్క పెట్టే తీరిక ఉండదు. అడగవలసింది అది కాదు. ఏ చెట్టు కోసం ఎవరితో కొట్లాడావని అడగండి, అప్పుడు చెప్తాను. నా బతుకంతా టేకు పెంచాను, కానీ నేను కొట్లాడింది టేకు కోసం కాదు. ఆదిలాబాద్‌లో ఒక సా మిల్లు సేటు ఇంటి ముందున్న గింకో చెట్టు కోసం.

నేను పనిచేసింది బోథ్ దగ్గరి అడవి నర్సరీలో. అక్షరాలు నాకు పిల్లలు పుట్టిన తర్వాత వచ్చాయి, అవి కూడా మడుల దగ్గర పాతిన రేకు బోర్డుల మీదినుంచే. మొదట చదివిన మాట టేకు, రెండోది మద్ది. నేర్పింది మా మేస్త్రి. బోర్డు ముందు నిలబెట్టి, "చదువు చెల్లె, చదివినంకనే నీళ్లు పట్టు" అనేవాడు. నేను కొట్లాడింది కూడా ఆయనతోనే. ఆయన ఇచ్చిన అక్షరాలతోనే ఆయనతో పడ్డ కొట్లాట రాస్తున్నాను. అది ముందే చెప్పేస్తే నా నెత్తిమీది బరువు దిగుతుంది.

టేకు గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే ఈ సంగతి అర్థం కాదు. టేకును మేము ఆకులతో, కొమ్మలతో నాటం. ఏడాది పెరిగిన నారును పీకి, కింద బెత్తెడు వేరు ఉంచి, పైన బొటనవేలంత కాండం మిగిల్చి మిగతాదంతా కోసి పారేస్తాం. దాన్ని స్టంపు అంటాం. చూడడానికి ఎండిపోయిన ముల్లంగిలా ఉంటుంది. తొలి వాన పడగానే గడ్డపారతో బొక్క చేసి అందులో దిగ్గొడితే, దసరాకల్లా నడుమెత్తు లేస్తుంది. వానలకు ముందు, ఎండలు మండే నెలలో స్టంపులు కోయడం మా పండుగ. కత్తులు నూరుకుని చెట్టు నీడన వరసగా కూర్చునేవాళ్లం. మేస్త్రి కోసినంత శుభ్రంగా కోసినవాళ్లను నేను చూడలేదు. ఒక్క వేటుకు, ఏటవాలుగా, పొట్టు చిట్లకుండా. "నరికితేనే బతుకుతది" అని ఆయన మాట. టేకు విషయంలో అది అక్షరాలా నిజం.

నౌకరీ అయిపోయాక నేను ఆదిలాబాద్‌లో నా కొడుకు దగ్గరికి వచ్చాను. ఊరికే కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని ఇళ్లల్లో తోటపని ఒప్పుకున్నాను. అట్లా సేటు ఇల్లు దొరికింది. సేటు అడవి శాఖ వేలాల్లో కట్టె కొనే మనిషి, మేస్త్రికి పాత పరిచయం. ఇంట్లో ఆయన భార్య, కొడుకు, కొత్తగా వచ్చిన కోడలు. భార్యను నేను ఖాలా అనేదాన్ని. కోడలు డెహ్రాడూన్ పక్క కొండల పిల్ల. ఆమె తండ్రి కూడా కట్టె వ్యాపారమే, సేటు దోస్తు. ఆ దోస్తానాతోనే సంబంధం కలిసింది. రైల్లో అందరూ పెట్టెలు దింపుకుంటే ఈ పిల్ల ఒక బకెట్టు దింపుకుందట. అందులో మోకాలెత్తు మొక్క.

మొదటి రోజే నన్ను ఆ మొక్క ముందు నిలబెట్టింది.

"మౌసీ, ఇది గింకో. మా పప్పా పెట్టిన చెట్టు పక్కన పుట్టింది. ఇక్కడ బతుకుతదా?"

ఆమె తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. ఒక్కో మాట తూకం వేసినట్టు పలికేది. నేను ఆకు పట్టుకుని చూశాను. చిన్న విసనకర్ర లాంటి ఆకు, నడుమ ఒక చీలిక. ఈనెలు మన ఆకుల్లా నడిమి ఈనె నుంచి చీలవు, అన్నీ కాడ దగ్గర మొదలై అంచుదాకా దువ్వినట్టు పోతాయి. ఇంత పనితనం ఉన్న ఆకును నేను అంతకు ముందు చూడలేదు.

"బిడ్డా, నాకు తెల్వదు. మీ కొండల చెట్టు, మా ఎండలు నీకు ఇంక తెల్వయి. నువ్వు బతికితే అది బతుకుతది," అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. "నేను బతుకుత. దాని సంగతి చూడు," అంది.

సరేనన్నాను. నోటి మాటే, కానీ మాట మాటే. అప్పటినుంచి ఆ మొక్క బతుకు నా మీద పడింది.

మాది నల్లరేగడి. వాన పడితే బురద, ఎండ పడితే పగుళ్లు. అందుకని గుంటలో నాటకుండా, మొరం, ఇసుక, చివికిన పెంట కలిపి దిబ్బ పోసి దాని మీద నాటాను. నీళ్లు నిలవకూడదు, అంతే. పడమటి ఎండ తగలకుండా వెదురు తడక కట్టాను. మొక్క మొదట్లో ఎండు టేకాకులు కప్పాను, కాండానికి మాత్రం తగలనియ్యలేదు. యూరియా గింజ కూడా వెయ్యనివ్వలేదు. అయినా ఆకుల అంచులు మాడుతూనే ఉన్నాయి. ఎండకు మాడితే అంచు గలగలలాడుతుంది. ఇది మెత్తగా పసుపు పడి మాడుతోంది. ఎక్కడినుంచో నీళ్లు ఎక్కువవుతున్నాయని అనుమానం వచ్చి, ఒకరోజు పొద్దుటినుంచి అరుగు మీదే కూర్చున్నాను.

దొంగ ఖాలానే. నమాజుకు ముందు వజూ చేస్తుంది కదా, చేతులు, ముఖం, కాళ్లు కడిగిన నీళ్లను తొట్టిలో పట్టి, ప్రతిసారీ తెచ్చి గింకో మొదట్లో పోస్తోంది.

"ఖాలా, గీ నీళ్లు రోజూ దీనికే పోస్తున్నవా?"

"మరేంది, నాలీల పోయనా? కోడలు పుట్టింటి చెట్టు. సవాబ్ అయితది, పుణ్యం."

"సవాబ్ నీకైతది, సావు దానికైతది."

ఖాలా నన్ను కొరకొరా చూసింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ ఆ నీళ్లు మురికికాలువలో పోయమంటే ఆమె మనసు ఒప్పదు. నేనూ ఆ మాట అనలేదు. వజూ చేసే చోటునుంచి చిన్న కాలువ తీసి వెనకవైపు జామచెట్టుకు మళ్లించాను. ఆ తర్వాత జామ విరగకాసింది. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ "ఇవి నా వజూ జామకాయలు, మార్కెట్ల దొరకయి" అని చేతిలో పెట్టేది. గింకోకు ఊపిరాడింది.

మన ఆదిలాబాద్ చలి ఎట్లాంటిదో చెప్పక్కర్లేదు. ఆ చలే దాన్ని కాపాడింది. చలి ముదిరాక ఆకులన్నీ పసుపురంగు తిరిగాయి. తంగేడు పువ్వు కూడా అంత పచ్చగా ఉండదు. ఆ తర్వాత ఎవరో గొడుగు ముడిచినట్టు ఒక్కసారిగా రాలిపోయాయి. ఖాలా పరేషాన్ అయి నాకు కబురు పంపింది. కోడలు మాత్రం ఆకులు ఏరి దుపట్టాలో పోసుకుంటూ, "రాలడం దాని పని మౌసీ. మా పప్పా అంటడు, గింకో పనిల మనం దూరొద్దు" అంది. ఎండలు మొదలవుతుండగా కొమ్మల మీది పొట్టి మొటికల్లాంటి మొగ్గల్లోంచి ఆకులు విచ్చుకున్నాయి. పెరగడమంటారా, ఏడాదికి బెత్తెడు. టేకు చూసిన కళ్లకు అది పెరగడం కాదు, నిలబడడం. నేను ఓపిక పట్టాను. దాని దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఇట్లా కొన్నేళ్లు గడిచాయి. చెట్టు నా భుజం దాటింది. అసలు కష్టం అప్పుడొచ్చింది.

ఆ ఏడు చలి సరిగా పడలేదు. స్వెట్టర్లు అమ్మేవాళ్లు మూటలు విప్పకుండానే పోయారు. గింకో ఆకులు కూడా ఆలస్యంగా, మొక్కుబడిగా రాలాయి. హోలీ పోయింది, ఉగాది పోయింది, రంజాన్ కూడా పోయింది. చెట్టు కట్టెలాగే ఉంది. కోడలు రోజూ ఫోన్‌లో తండ్రికి చూపించేది. ఆయన మొదట్లో "వస్తుంది, వస్తుంది" అనేవాడు. ఒకరోజు ఆ మాట మానేశాడు. "మా దగ్గరైతే ఈపాటికి నిండుగా ఉండేది" అని మాత్రం అన్నాడు. ఆ పిల్ల ఫోన్ పెట్టేసి నా ముఖం చూసింది. వచ్చినప్పటినుంచి ఆమె కళ్లలో నీళ్లు చూడలేదు నేను. ఆ రోజు చూశాను.

సేటు చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు కారు షెడ్డు కావాలి. వాకిట్లో కారు తిరగాలంటే ఆ చోటే వీలు. బతికున్నంతకాలం కోడలి చెట్టు జోలికి పోనని మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు కూడా. ఇప్పుడది చచ్చిందని ఆయన నమ్మకం. నేను కాదంటే, "నువ్వు దాని దిక్కు మాట్లాడుతవ్. దుస్రా మనిషి జెప్పాలె," అన్నాడు. ఎవరిని పిలిపించాడో చెప్పాలా? మా మేస్త్రినే. టేకు సంగతిలో ఆయన తీర్పు ఇస్తే ఈ జిల్లాలో అప్పీలు లేదు.

ఆయన వచ్చాడు. నౌకరీ నాకంటే చాలా ముందే అయిపోయిన మనిషి. నడుము కొద్దిగా వంగింది, చూపు మాత్రం తగ్గలేదు. వస్తూ వస్తూ సంచిలో స్టంపు కత్తి తెచ్చుకున్నాడు. స్టంపులు కోసే నెలలో అది లేకుండా బయటికి రాడు, అలవాటు. గేటు దగ్గర కాలం తీరినట్టున్న ఆ చెట్టు, అరుగు మీద సేటు, తలుపు పక్కన ఖాలా, మెట్ల మీద కోడలు. షెడ్డుకు గుంటలు తవ్వేవాళ్లు కూడా గడ్డపారలతో ఒక పక్క బీడీలు తాగుతున్నారు.

మేస్త్రి చెట్టు చుట్టూ తిరిగాడు. గోటితో బెరడు గీరాడు. లోపల ఆకుపచ్చగా ఉంది.

"సావలే," అన్నాడు.

నా గుండె కుదుటపడింది. అంతలోనే సంచిలో చెయ్యి పెట్టాడు.

"పైదంత దండుగ, సేటు. మొదలుకాడ గింత ఉంచి కోస్త. వానకు చిగురు తన్నుకోని వస్తది. అప్పుడు పీకి వెనుకదిక్కు పెట్టుకోండ్రి. నీ షెడ్డు నీకు, బిడ్డ చెట్టు బిడ్డకు."

చూడండి, ఎంత చక్కటి తీర్పో. అందరికీ అన్నీ దొరికాయి. సేటు ముఖం విప్పారింది. ఖాలా "అల్లా మేలు జేస్తడు" అంది. నేను మాత్రం చెట్టుకూ కత్తికీ నడుమ పోయి నిలబడ్డాను. ఆలోచించి చేసింది కాదు, కాళ్లు అట్లా నడిచాయి.

"అన్నా, కత్తి లోపట పెట్టు."

"ఏందే చెల్లె? పచ్చగున్నది గదా. బతికున్నదనే కోస్తున్న."

"బతికున్నదనే వద్దంటున్న."

"స్టంపు కొట్టుడు నేర్పింది ఎవరు నీకు?"

"నువ్వే. టేకుకు నేర్పినవ్. ఇది టేకు గాదు."

గుంటలు తవ్వేవాళ్లు బీడీలు తాగడం ఆపారు. మేస్త్రికి ఎదురు చెప్పడం మా నర్సరీలో లేదు. ఎవరూ చెప్పలేదు, నేనూ ఏనాడూ చెప్పలేదు. ఆయన కోపంగా లేడు, అదే నాకు కష్టమైంది. పిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"మరి ఎందుకు చిగురెయ్యలే? చెప్పు. నువ్వు జెప్పు, నేనింట."

నా దగ్గర ఉన్నది చెప్పాను. "నిద్ర సాలలే దానికి. చలికాలం నిద్రవోవాలె గది. గీ ఏడు చలి రాలే, నిద్ర పట్టలే. నిద్ర లేనోడు పొద్దెక్కినంక లేస్తడు గదా, గట్ల లేటయితుంది. చలి బాగున్న ఏడు జల్దే లేసింది, నేను జూసిన. గీ మొటికలు పట్టుకోని చూడు. సచ్చినయైతే నలిపితే పొడి రాలాలె. గట్టిగున్నయి. పోయిన వారం కంటే లావయినయి."

మేస్త్రి నవ్వాడు. సేటు నవ్వాడు. గడ్డపారలవాళ్లు కూడా నవ్వారు.

"చెట్టుకు నిద్రనా? జోలపాట పాడకపోయినవా చెల్లె!"

"పాడుదును, నీ కత్తి సప్పుడుకు లేస్తదని ఊకున్న."

నవ్వులు ఆగాయి. నేను మళ్లీ అన్నాను. "దీన్ని గీ ఎండల కోస్తే నెత్తి లేని మనిషిని ఎండల నిలబెట్టినట్టే. ఒకవేళ చిగురేసినా, టేకులెక్క దసరాకు నడుమెత్తు రాదు. ఏడాదికి బెత్తెడు. గిన్నేండ్ల దాని కష్టం నువ్వు ఒక్క వేటుకు తీసేస్తవ్."

"రాకపోతే?" సేటు అడిగాడు. "చిగురు రాకపోతే ఏందమ్మా? నా పనోళ్లు ఎన్నిసార్లు వచ్చి పోవాలె?"

"మిరుగం కార్తె దాకా ఆగు సేటు. మిరుగానికి చేపలు తినేటప్పటికి ఆకు రాకుంటే, గడ్డపార నాకియ్యి. నేనే తవ్వి తీస్త. నా నోటితోనే సచ్చిందని చెప్త. మళ్ల నీ గేటు తొక్కను."

మేస్త్రి నన్ను కాదని కోడలి వైపు తిరిగాడు. "బిడ్డా, చెట్టు నీది. నేనొకటంటున్న, ఈమె ఒకటంటుంది. నేను కోస్తే బతికే ఆశుంది. ఈమె మాటినుకుంటే ఉన్నదంత పోవచ్చు. నువ్వే చెప్పు."

ఆయన అన్నది న్యాయమే. ఆ పిల్ల మెట్టు దిగి వచ్చి, చెట్టును కాదు, నా చేతులను చూసింది. మొటికలు నలిపిన వేళ్లను. తర్వాత మామ వైపు తిరిగి, "అబ్బాజాన్, మౌసీ ఏమంటే అదే," అంది.

అక్షరాలు రాని రోజుల్లో నా మాటకు ఒక సాక్షి కావాల్సి వచ్చేది, వేలిముద్ర పక్కన ఇంకొకరి సంతకం. ఆ రోజు నా మాట ఒక్కటే నిలబడింది. ఒక పిల్ల తన పుట్టింటి చెట్టును దాని మీద పెట్టింది. నాకు గర్వం వచ్చింది, దాచను. భయం కూడా వచ్చింది. రెండూ కలిసే వస్తాయి, విడివిడిగా వస్తే ఏదో ఒకటి అబద్ధం.

మేస్త్రి కత్తి గుడ్డలో చుట్టుకున్నాడు. చాయ్ తాగమని ఖాలా ఎంత బతిమాలినా తాగలేదు. "అన్నా, బస్టాండ్ దాకా వస్త" అంటే, "నాకు దారెర్కే" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్తే మీరు నవ్వుతారు. చేసే పని ఏమీ లేదు. పొద్దున చల్లబాటున లోతుగా ఒకసారి తడపడం, మట్టి వేలికి పొడిగా తగిలేదాకా మళ్లీ ముట్టకపోవడం, తడక జారితే కట్టడం. చెట్ల పనిలో చేతులు కట్టుకోవడమే కష్టమైన పని. పిల్లలూ, మీకు దాన్ని ఎవరూ నేర్పరు. చేతిలో కత్తి ఉంటే కొయ్యాలనిపిస్తుంది, పైపు ఉంటే పట్టాలనిపిస్తుంది. నేను రెండూ ఇంట్లో పెట్టి వచ్చేదాన్ని. సేటు రోజూ పేపరు పక్కకు జరిపి, "లేసిందా నీ చెట్టు?" అనేవాడు. "మొఖం కడుగుతుంది సేటు," అనేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం అనుమానం పట్టుకునేది. మొటికలు లావయ్యాయని నేను అన్నది నిజమా, నా ఆశకు అట్లా కనిపించిందా అని నన్ను నేనే అడిగేదాన్ని.

మిరుగం ఇంకా రాలేదు. మబ్బులు మాత్రం పట్టాయి. మధ్యాహ్నం నమాజు వేళ ఖాలా వజూకు బయటికి వచ్చింది. నేను వెనకవైపు జామ కొమ్మలు ఎత్తి కడుతున్నాను.

"అగే దుల్హన్! మౌసీ! ఇద్దరు రాండ్రి! జల్దీ!"

పాము అనుకుని కర్ర పట్టుకుని ఉరికాను. ఖాలా తడి చేతులతో చెట్టును చూపిస్తోంది. చివరి కొమ్మ మీద ఒక మొటిక పగిలింది. లోపల ముడిచిన విసనకర్రలు, గోరంత, కుచ్చుగా. కింద ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. కోడలు ఫోన్ తీసి తండ్రికి కలిపి, ఫోన్‌ను చెట్టు ముందు పట్టుకుని నిలబడింది. అవతలినుంచి ఆయన ఏదేదో అరుస్తున్నాడు. ఖాలా తడి చేతులతోనే నా ముఖం పట్టుకుంది. నాకూ వజూ అయిపోయింది.

సేటు బయటికి వచ్చి చూశాడు. లోపలికి వెళ్తూ, "షెడ్డు మిల్లు దిక్కు కడ్త. కారుకు నడుసుడు ఎట్లగు రాదు, నేనే నడుస్త," అన్నాడు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కొన్నాళ్లకు కోడలి తండ్రి చెప్పాడు, వాళ్ల కొండల్లో గింకోను నరికినా మొదట్లోంచి చిగురు వేస్తుందట. అంటే మేస్త్రి అన్నది గాలి మాట కాదు. కానీ మన ఎండలో, ఆ నెలలో కోస్తే బతికేది కాదని నేను ఇప్పటికీ అంటాను. ఆయన ఇప్పటికీ కాదంటాడు. కోసి చూసే పని మాత్రం ఇద్దరం పెట్టుకోలేదు.

మిరుగం పోయి, రెండు వానలు పడ్డాక మేస్త్రి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. నేను తడక విప్పుతున్నాను. గేటు తీసి నేరుగా చెట్టు దగ్గరికి వచ్చాడు. సంచి లేదు, చేతులు ఖాళీగా ఉన్నాయి. ఒక ఆకును కింద వేలు ఆనించి లేపి, ఈనెలు చూశాడు. తిప్పి వెనకవైపు చూశాడు. కోడలు చాయ్ తెస్తే ఈసారి తీసుకున్నాడు. తాగుతూ చెట్టు మొదట్లోని దిబ్బను కాలితో నొక్కి చూశాడు.

తప్పయిందని అనడు. నేను అనమని అడగను. మా ఇద్దరి మధ్య అట్లాంటి మాటలు ఎప్పుడూ లేవు.

"చెల్లె," అన్నాడు. "వానకాలంల దీనికి ఏం జేస్తవ్?"

ఆయన ఎదురుగా కూర్చున్నాను. నౌకరీ ఉన్నంతకాలం ఆయన నన్ను అడిగింది ఒకటే రకం. ఎన్ని సంచులు నింపినవ్, ఎన్ని మొలిచినయ్, ఎన్ని సచ్చినయ్. ఎట్ల చేస్తవని ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి.

నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, కాలువ ఎటు తియ్యాలో, ఎందుకు తియ్యాలో ఒక్కొక్కటిగా చెప్పాను. చాయ్ చల్లారిపోయింది. ఆయన చివరిదాకా విన్నాడు.